బోరు వేయుటకు ముందు నేలకు విద్యుత్పరీక్ష

తెల్లాపూరు ప్రాంతమున నేల క్రింద గ్రానైటు రాయి గలదు. ఈ రాతియం దంతటను నీరుండదు. పైనున్న మొరము పొరలోను, దాని దిగువ రాతి పగుళ్లలోను మాత్రమే నీరు నిలుచును. కావున నీరు పడిన బోరునకు కొలది గజముల దూరమున వేసిన వేరొక బోరు వట్టిపోవుట వింత గాదు. అట్టి బోరు రైతును ఋణములో దించును.

ఈ నష్టమును తగ్గించుటకు విద్యుత్ నిరోధ పరీక్ష తోడ్పడును. నాలుగు లోహపు కడ్డీలను ఒకే వరుసలో పాతి, వెలుపలి రెంటి ద్వారా విద్యుత్తును పంపి, లోపలి రెంటి నడుమ ఓల్టేజిని కొలుతురు. వెలుపలి కడ్డీలను దూరముగా జరిపిన కొలది లోతైన పొరల సంగతి తెలియును. గట్టి రాయి విద్యుత్తును మిక్కిలి అడ్డగించును. తడిసిన మొరము అంతగా అడ్డగింపదు. ఇట్టి పరీక్షలను 1912లో ఫ్రాన్సు దేశమున కొన్రాడ్ ష్లంబర్జే ఆరంభించెను. హైదరాబాదున 1961లో నెలకొల్పబడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ రాతినేలలలో ఈ పద్ధతిని వాడుచున్నది.

అయినను బంకమన్నును, ఉప్పునీరును తక్కువ నిరోధమునే చూపును. లోతుననున్న సన్నని పగులు కానరాకపోవచ్చును. కావున చుట్టుపట్ల బావులలో వేసవినాటి నీటిమట్టమును విచారించి, పరీక్షాఫలముతో సరిపోల్చిన పిమ్మటనే బోరు వేయింపవలెను. పరీక్ష నీరున్న చోటును సూచించునే గాని నీటిని పుట్టింపజాలదు. వాననీటిని చేనిలోనే ఇంకించుకొన్న రైతునకే బోరు చిరకాలము పనికివచ్చును.