విద్యార్థుల మనోవ్యథయు తెలుగు మాటయు: ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతములను గూర్చిన విచారణ

ఉన్నత విద్యాసంస్థలలోని విద్యార్థుల మానసికారోగ్యమును గూర్చియు, ఆత్మహత్యల నివారణను గూర్చియు వైద్యులు, న్యాయమూర్తులు, ప్రభుత్వాధికారులు విచారించుచున్నారు. ఇది తెలుగు శాఖకు సంబంధించిన విషయమా యని కొందరు సందేహింపవచ్చును. సంబంధించినదే యని మా అభిప్రాయము. బాధలో నున్న విద్యార్థి నుండి మొదట వెలువడునది మాట. ఆ మాట తెలుగు మాట. దానిని ఎవరైనను గుర్తించిననే తక్కిన సహాయము అతనికి చేరును. గుర్తింపనిచో చట్టములును వైద్యశాలలును ఉండియు లేనట్లే. నెల్లూరు జిల్లా పశ్చిమభాగమునందలి ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతముల విద్యార్థులను దృష్టియందుంచుకొని ఈ విషయమును వివరింపదలచితిమి.

జిల్లా తూర్పుభాగము పెన్నానది కాలువలచే తడియు వరిభూమి. పడమట ఉదయగిరి వైపున నున్నది మెట్టప్రాంతము. ఆత్మకూరు చేరువను సోమశిల జలాశయ మున్నను, మెట్టపల్లెలలో అనేకములకు వానయే ఆధారము. ఇట్టి చోట బిడ్డ చదువు ఆ బిడ్డ ఒక్కని వ్యవహారము కాదు. ఇంటిల్లిపాది ఆశయు, పెక్కు ఇండ్లలో అప్పును, దానితో ముడిపడి యుండును. ఉన్నత విద్యకై ఇక్కడి పిల్లలు పలువురు నెల్లూరు, కావలి, తిరుపతి, హైదరాబాదు మొదలగు పట్టణములకు పోయి హాస్టళ్లలో నుందురు. తల్లి ఫోనులో "ఎట్టుండావు నాయనా?" అని యడుగును. "బాగానే ఉండానమ్మా" అని బిడ్డ బదులు చెప్పును.

ఈ బదులును భాషాదృష్టితో కొంచెము పరిశీలింపుడు. "బాగున్నాను" అనుటకును "బాగానే ఉన్నాను" అనుటకును భేదము కలదు. ఆ ఏకారము వలన, చెప్పని దేదియో మిగిలియున్నదను ధ్వని అనేక సందర్భములలో కలుగును. తెలుగువారందరు ఈ భేదమును వ్యాకరణము చదువకయే ఎరుగుదురు. ఎరిగియు రెండవ ప్రశ్న అడుగక ఊరకుందుము. నివారణ ఆరంభము కావలసినది ఆ రెండవ ప్రశ్నతోనే.

సమస్య పరిమాణమును కొంత చెప్పుట అవసరము. జాతీయ నేర నమోదు సంస్థ లెక్కల ప్రకారము 2022లో మన దేశమున 1,70,924 మంది ఆత్మహత్యచే మరణింపగా, వారిలో 13,044 మంది విద్యార్థులు. ఇందులకు పరీక్షలే కారణమనుట సరికాదు. అప్పు, కులవివక్ష, ర్యాగింగు, ఒంటరితనము, కుటుంబ కలహములు, చికిత్స పొందని కుంగుబాటు మున్నగునవి పెక్కు కలిసి ఒకని మీద పడును. ఏ ఒక్క కారణమును పట్టుకొని మరణమును వివరించినను, తక్కిన కారణములు మన దృష్టికి రాకుండ పోవును.

అయినను పరీక్షను గూర్చి మన భాషలో ఒక విశేష మున్నది. "పరీక్ష తప్పినాడు" అందుము. ఇచ్చట తప్పుట యనగా గురి తప్పుట, దారి తప్పుట వంటిదే. చేరవలసిన చోటు చేరకపోవుట యని మాత్రమే అర్థము. కాని "తప్పు" అను నామవాచకమునకు నేరమని అర్థము. పరీక్ష తప్పిన బిడ్డ చెవికి ఈ రెండును ఒక్కటిగానే వినబడును. తాను తప్పు చేసినట్లు తలవంచుకొనును. "నలుగురిలో తల ఎత్తుకోలేము" అను ఇంటివారి మాట ఆ భారమును రెట్టింపు చేయును. తప్పినవానికి మరల దారి చూపుటయే దీనికి మందు. తమిళనాడులో ఈ శతాబ్ది తొలి సంవత్సరములలో, పాఠశాల తుదిపరీక్షలలో తప్పినవారికి ఏడాది నష్టపడకుండ కొద్ది కాలములోనే మరల పరీక్ష పెట్టు పద్ధతి వచ్చినది. తరువాతి సంవత్సరములలో పరీక్షలు తప్పుటచే కలుగు ఆత్మహత్యలు అచ్చట తగ్గినట్లు పరిశోధకులు గుర్తించిరి. మన రాష్ట్రమున ఇంటర్మీడియట్‌కు సప్లిమెంటరీ పరీక్షలు కలవు. ఫలితములు వచ్చిన దినముననే ఈ మాటను ఇంట చెప్పవలెను. వారము గడచిన పిమ్మట కాదు.

ఇక బాధను తెలుపు మాటలు. "నాకు మానసిక రుగ్మత కలదు" అని ఏ పల్లెటూరి విద్యార్థియు చెప్పడు. "దిగులుగా ఉంది", "బెంగగా ఉంది", "గుండె బరువెక్కింది", "ఏమీ తోచడం లేదు", "తిండి సహించడం లేదు" అనును. ఈ మాటలలో కొన్ని శరీరమునకు సంబంధించినవి గావున వినువారు మాత్ర యొకటి ఇచ్చి పంపుదురు. "బెంగ" చిన్నపిల్లలకు కలుగునదని నవ్వి ఊరకుందురు. కాని నిద్రలేమి, భోజనముపై విరక్తి, తోటివారికి దూరమగుట వారముల తరబడి సాగినచో అది ఉపేక్షింపదగినది కాదు. "నేను ఉన్నా లేకున్నా ఒకటే", "నా వల్ల మీ కందరికీ భారమే" అను మాటలు వినబడినపుడు, వానిని అలక యని గాని బెదిరింపని గాని కొట్టివేయరాదు.

అట్టి సమయమున "చనిపోవలెనని ఆలోచన వచ్చుచున్నదా?" అని నేరుగా అడుగవచ్చునా? అడిగినచో లేని ఆలోచన కల్పించినట్లగునని పెద్దలు భయపడుదురు. ఆ భయమునకు ఆధారము లేదని పరిశోధనలు తెలుపుచున్నవి. మెల్లగా, ఏకాంతమున అడుగుటవలన బాధితునకు ఊరట కలుగును. అడిగినవారు తీర్పు చెప్పక వినవలెను. ఒంటరిగా విడువక, వైద్యుని యొద్దకు తామే తోడుపోవలెను.

సహాయమునకు మనము పెట్టిన పేరు కూడ ఒక అడ్డంకియే. "కౌన్సెలింగు" అనగా మన విద్యార్థులకు మొదట స్ఫురించునది ఇంజనీరింగు సీట్ల కేటాయింపు. మానసిక వైద్యుని యొద్దకనగా "పిచ్చాసుపత్రి" అను మాట గుర్తువచ్చి వెనుదీయుదురు. "మనసులోని మాట చెప్పుకొను గది" అని తెలుగున వ్రాసి పెట్టినచో ఎక్కువమంది ఆ గడప తొక్కుదురని మా నమ్మకము.

"ఆత్మహత్య" యను పదమునందే హత్య యున్నది. వినువారికి నేరభావము తోచుట సహజము. పూర్వము చట్టమును అట్లే చూచెడిది. 2018 మే 29 నుండి అమలులోనికి వచ్చిన 2017 నాటి మానసికారోగ్య సంరక్షణ చట్టము, 115వ సెక్షనున, ఆత్మహత్యకు ప్రయత్నించినవారు తీవ్రమైన మానసిక ఒత్తిడిలో నున్నట్లు భావింపవలెననియు, వేరు విధముగ రుజువైననే తప్ప వారిని శిక్షింపరాదనియు నిర్దేశించినది; వారికి సంరక్షణ కల్పించుట ప్రభుత్వ బాధ్యత యన్నది. చట్టము మారినది, మన మాటతీరును మారవలెను.

న్యాయస్థానములును ముందుకు వచ్చినవి. 2025 మార్చిలో సుప్రీంకోర్టు, ఉన్నత విద్యాసంస్థలలోని ఆత్మహత్యలను పరిశీలించుటకు జస్టిస్ ఎస్. రవీంద్ర భట్ అధ్యక్షతన జాతీయ కార్యదళమును నియమించినది. విశాఖపట్టణమున నీట్ శిక్షణ పొందుచుండిన ఒక విద్యార్థిని మరణమునకు సంబంధించిన వ్యాజ్యమున, 2025 జూలై 25న విద్యాసంస్థలన్నిటికి మార్గదర్శకములు జారీ చేసినది. నూరుగురు గాని అంతకు మించి గాని విద్యార్థులున్నచోట అర్హత గల సలహాదారు ఉండవలెను. అంతకు తక్కువ యైనచో బయటి నిపుణులతో ఏర్పాటు చేసికొనవలెను. మార్కులనుబట్టి తరగతులు విడదీయుట, బహిరంగముగ అవమానించుట కూడదు. సిబ్బందికి ఏట రెండుమారులైన శిక్షణ ఇవ్వవలెను.

ఉదయగిరి, ఆత్మకూరు వంటి చోట్ల చిన్న కళాశాలలకు నిపుణులు సులభముగ దొరకరు. కాని విను చెవులకు కొరత లేదు. తెలుగు పండితుడు, హాస్టలు వార్డెను, వంటమనిషి, గదిలోని స్నేహితుడు, వీరు విద్యార్థి మాటలోని మార్పును నిపుణునికంటె ముందే వినగలరు. విన్నదానిని తమలో దాచుకొనక నిపుణునికి చేర్చుట వారి ధర్మము. కేంద్రప్రభుత్వము 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలీ మానస్ ఫోను సంఖ్య 14416. దానికి రాత్రింబవళ్లు, తెలుగున మాటలాడవచ్చును, రుసుము లేదు. ఈ సంఖ్యను ప్రతి తరగతి గదిలోను, ప్రతి హాస్టలులోను వ్రాసి యుంచవలెను.

భాషను బోధించు మనము పద్యమున ధ్వనిని వినుట విద్యార్థులకు నేర్పుచున్నాము. ఎదుట కూర్చున్న విద్యార్థి "బాగానే ఉండాను" అన్నపుడు అందలి ధ్వనిని వినుట మన వంతు. ఆ వినుటలో ఒక ప్రాణము నిలువవచ్చును.