మారిన పరీక్షలు – చదవడం, రాయడం నేర్పే తీరులో మార్పులు

గత యూనిట్‌లో నిరంతర సమగ్ర మూల్యాంకనం అంటే ఏమిటో, నిర్మాణాత్మక, సంగ్రహణాత్మక మూల్యాంకనాల మధ్య భేదం ఏమిటో తెలుసుకున్నారు. పరీక్ష స్వరూపం మారినప్పుడు తెలుగు పీరియడ్‌లో ఏం మారాలో ఈ యూనిట్‌లో పరిశీలిద్దాం. ఉదాహరణలను కర్నూలు, కడప ప్రాంతాల బడుల నుంచి తీసుకున్నాం. మీరు వేరే జిల్లాలో పనిచేస్తుంటే ఊళ్ళ పేర్లు, పంటల పేర్లు మార్చి చదువుకోండి.

ఏం మారింది?

2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం, తన 29వ సెక్షన్‌లో, పిల్లల అవగాహననూ, తెలిసినదాన్ని ఉపయోగించే శక్తినీ నిరంతరంగా, సమగ్రంగా మూల్యాంకనం చేయాలని చెప్పింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2011 రాష్ట్ర విద్యా ప్రణాళిక పరిధి పత్రం దానికి అనుగుణంగా వచ్చింది. ఆ వెంట పాఠ్యపుస్తకాలు మారాయి. ఆంధ్రప్రదేశ్ పదో తరగతి పబ్లిక్ పరీక్ష 2017 మార్చిలో కొత్త పద్ధతికి మారింది. అప్పుడు 11 పేపర్లు, వంద మార్కుల్లో 20 అంతర్గత మార్కులు. 2019లో అంతర్గత మార్కులు తీసేశారు. కోవిడ్ వల్ల రెండేళ్ళు పరీక్షలే జరగలేదు. 2022లో 7 పేపర్లతో, 2023లో 6 పేపర్లతో జరిగాయి.

పేపర్ల సంఖ్య గురించి పత్రికలు చాలా రాశాయి. తెలుగు ఉపాధ్యాయులకు అంతకంటే ముఖ్యమైనది ప్రశ్న స్వభావం. పాత పేపర్‌లో కవి పరిచయం, పాఠ్యభాగ సారాంశం, కంఠస్థ పద్యం, సందర్భ సహిత వ్యాఖ్యలు రాజ్యమేలేవి. కొత్త పేపర్ మూడు విద్యా ప్రమాణాల మీద నిలబడింది: అవగాహన–ప్రతిస్పందన, వ్యక్తీకరణ–సృజనాత్మకత, భాషాంశాలు. మార్కులు మూడింటి మధ్య ఇంచుమించు సమానంగా పంచబడ్డాయి. పిల్లవాడు అంతకుముందు ఎన్నడూ చూడని గద్యాన్ని ఇచ్చి జవాబులు రాయమంటారు, ఒక్కోసారి ప్రశ్నలనే తయారుచేయమంటారు. లేఖ, సంభాషణ, కరపత్రం, నినాదాలు సొంతంగా రాయమంటారు. నోట్సులో ఉన్న జవాబు ఇక్కడ అక్కరకు రాదు.

అర్థం కాకుండా వల్లించడం గురించిన ఫిర్యాదు కొత్తది కాదు. మద్రాసు గవర్నర్ మన్రో 1822లో దేశీయ పాఠశాలల వివరాలు పంపమని కలెక్టర్లను అడిగాడు. మరుసటి ఏడు బళ్ళారి కలెక్టర్ ఏ.డి. కాంప్‌బెల్ నివేదిక పంపాడు. ఆయన తెలుగు వ్యాకరణం రాసిన మనిషి. పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దడాన్నీ, పెద్ద పిల్లలు చిన్నవాళ్ళకు నేర్పడాన్నీ మెచ్చుకున్నాడు. కానీ చదివే పుస్తకాలన్నీ వాడుక భాషకు దూరమైన పద్యాలు కావడంతో పిల్లలకు అప్పజెప్పడం వస్తుందేగాని అర్థం కాదనీ, చాలామంది గురువులకూ అదే స్థితి అనీ రాశాడు. ఆ జిల్లాలో అప్పుడు ఆదోని కూడా భాగం. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక ఆదోని కర్నూలు జిల్లాకు వచ్చింది.

ఇప్పుడు మీ చుట్టూ చూడండి. కొత్త పద్ధతి రాగానే కొత్త గైడ్లూ వచ్చాయి. "సొంత మాటల్లో రాయండి" అన్న ప్రశ్నకు కూడా వాటిలో సిద్ధంగా జవాబు ఉంటుంది, తరగతిలో నలభైమంది అదే సొంత మాటను కంఠస్థం చేస్తారు. పేపర్‌ను మాత్రమే మార్చి పీరియడ్‌ను మార్చకపోతే జరిగేది ఇదే. అందువల్ల మోడల్ పేపర్లు ఎక్కువ చేయించడాన్ని బోధనలో మార్పుగా భావించకండి. జనవరి నుంచి వారానికి ఒకటి చాలు.

చదవడం: తెలియని పేరాతో రోజూ పది నిమిషాలు

పాఠ్యపుస్తకంలోని పాఠాన్ని ఉపాధ్యాయుడు ముందే వివరిస్తాడు కాబట్టి, దాని మీద అడిగే ప్రశ్న జ్ఞాపకశక్తిని పరీక్షిస్తుంది. చదివే శక్తి తెలియాలంటే మీరు వివరించని పేరా కావాలి. దానికి వేరే పుస్తకాలు కొననక్కర్లేదు. దినపత్రిక జిల్లా పేజీ, బస్టాండులోని ప్రకటన, రేషన్ కార్డు వెనుక నిబంధనలు కూడా పనికొస్తాయి. ఈ చిన్న పేరా చూడండి:

"కర్నూలు–కడప కాలువ తుంగభద్ర మీద సుంకేసుల దగ్గర మొదలవుతుంది. 19వ శతాబ్దంలో ఒక ప్రైవేటు కంపెనీ దాన్ని తవ్వించింది. పొలాలకు నీరు అమ్మవచ్చనీ, పడవలు నడపవచ్చనీ కంపెనీ ఆశపడింది. అనుకున్నంత ఆదాయం రాలేదు. 1882లో ప్రభుత్వం కాలువను తన చేతుల్లోకి తీసుకుంది."

"కాలువ ఎక్కడ మొదలవుతుంది?" అంటే తరగతిలో దాదాపు అందరూ చెబుతారు. "కంపెనీ కాలువను ఎందుకు వదులుకుంది?" అని అడగండి. 'కంపెనీ' అనే మాట ఉన్న వాక్యాన్ని వెతికి, "పొలాలకు నీరు అమ్మవచ్చనీ..." అని అలాగే దించేసేవాళ్ళు కనిపిస్తారు. జవాబు నాలుగో వాక్యంలో ఉంది, కానీ అందులో 'కంపెనీ' లేదు, 'ఎందుకంటే' లేదు. రెండు వాక్యాలను కలిపి చూస్తేగాని అందదు. పబ్లిక్ పరీక్షలో అపరిచిత గద్యం దగ్గర పిల్లలు మార్కులు పోగొట్టుకునేది ఎక్కువగా ఇలాంటి చోటే.

దీన్ని నేర్పడానికి మీరు చదివేటప్పుడు మీ మనసులో ఏం జరుగుతుందో బయటికి చెప్పండి. "ఆశపడింది అన్నాడు... అంటే జరగలేదేమో... అవును, కింద ఆదాయం రాలేదన్నాడు... అందుకే సర్కారు తీసుకుంది." ఇలా పైకి ఆలోచిస్తూ చదవడాన్ని వారం రోజులు చూపించి, తర్వాత ఒక్కొక్క పిల్లవాడి చేత చేయించండి. ఆ తర్వాత ప్రశ్నలు తయారుచేయించండి. పిల్లలు మొదట 'ఎక్కడ, ఎప్పుడు' ప్రశ్నలే రాస్తారు. 'ఎందుకు' ప్రశ్న ఒకటైనా ఉండాలని నియమం పెట్టండి. ఆ ఒక్క ప్రశ్న కోసం పేరాను మూడుసార్లు చదవక తప్పదు.

ప్రాథమిక తరగతుల్లో పనిచేసేవారికి ఒక హెచ్చరిక. 2021 జూలై 5న మొదలైన నిపుణ్ భారత్ లక్ష్యాలలో, మూడో తరగతి ముగిసేసరికి నిమిషానికి కనీసం 60 పదాలు అర్థవంతంగా చదవాలని ఉంది. ఆ అంకెను పట్టుకుని సెల్‌ఫోన్‌లో సమయం చూస్తూ పిల్లలను పరుగెత్తించడం మంచిది కాదు. తెలుగులో పదం పొడవు వేరు. 'వెళ్ళలేకపోయినందువల్ల' అనేది ఒక్క పదం. అదే భావానికి కొన్ని భాషల్లో నాలుగైదు చిన్న పదాలు కావాలి. 2022 పునాది అభ్యసన అధ్యయనం కూడా చదివే వేగానికి ప్రమాణాలను ఒక్కో భాషకు విడివిడిగా నిర్ణయించింది. లక్ష్యంలో 'అర్థవంతంగా' అనే మాట ఉంది. చదివించిన తర్వాత ఒక ప్రశ్న అడగకపోతే మీరు కొలిచింది నోటి వేగాన్నే.

రాయడం: 'సుగ్గికి పోయినాడు' తప్పా?

లేఖా రచన అనగానే మనం ఇచ్చే అంశం విహారయాత్ర. కోసిగి, మంత్రాలయం పక్క ఊళ్ళలో విహారయాత్ర చేసిన పిల్లలు ఎందరు? వాళ్ళు గైడులోని యాత్రకే పోయి రావాలి. అదే పిల్లవాడి తల్లిదండ్రులు గుంటూరు వైపు మిరప కోతకు పోయి, అవ్వ దగ్గర వాడు ఉండిపోయి ఉంటే, వాళ్ళకు రాయడానికి వాడి దగ్గర కావలసినంత ఉంది. తేదీ, ఊరు, సంబోధన, ముగింపు, చిరునామా అన్నీ అందులోనూ వస్తాయి. పరీక్షలో అడిగే రూపం అదే, లోపలి విషయం మాత్రం వాడిది.

ఆ పిల్లవాడు ఇలా రాశాడనుకోండి: "మా నాయన సుగ్గికి పోయినాడు. మా శేన్లో బుడ్డలు ఎండిపాయ." మొత్తం ఎర్రసిరాతో కొట్టేయకండి. ఈ రెండు వాక్యాల్లో విషయం స్పష్టంగా ఉంది. 'నాయన' తప్పు కాదు. 'పోయినాడు' వ్యాకరణానికి లోబడినదే. 'సుగ్గి' అన్న మాటకు ప్రమాణ భాషలో అంత సరిగ్గా సరిపోయేది లేదు. అవతలివాళ్ళకు తెలియదనుకుంటే "కోత పనులకు వలస" అని పక్కన చేర్చాలి. 'బుడ్డలు' కర్నూలు వైపు మాట, కడప వైపు శనక్కాయలు, పుస్తకంలో వేరుశనగ. దిద్దవలసింది 'శేన్లో' ఒకటి, 'ఎండిపాయ' ఒకటి. ఇంటికి రాసే లేఖలోనో, కథలోని సంభాషణలోనో అవి కూడా అలాగే ఉండవచ్చు. తహసీల్దారుకు రాసే వినతిపత్రంలో "మా చేనులో వేరుశనగ ఎండిపోయింది" అని ఉండాలి. ఎవరికి రాస్తున్నామో దాన్నిబట్టి మాట మారుతుందని పిల్లలకు చెప్పండి. ఒకే విషయాన్ని నాయనకు ఒకసారి, తహసీల్దారుకు ఒకసారి రాయించండి. పేజీని నిలువుగా మడిచి రెండు పక్కలా రాయిస్తే తేడా వాళ్ళకే కనిపిస్తుంది. జవాబు పత్రం దిద్దే వ్యక్తి ఏ జిల్లావారో మనకు తెలియదు కనుక ఈ అభ్యాసం మార్కులకూ అవసరమే.

ఒక్కసారికి ఒక రకం దోషాన్నే దిద్దండి. ఈ వారం ఒత్తులు, వచ్చే వారం శ–ష–సలు. అన్నీ ఒకేసారి దిద్దిన పేజీని పిల్లవాడు మళ్ళీ తెరవడు.

క్యాలెండర్, వలస

నిర్మాణాత్మక మూల్యాంకనంలో పిల్లల భాగస్వామ్యం, రాత అంశాలు, ప్రాజెక్టు పనులు, లఘు పరీక్ష అనే నాలుగు సాధనాలు ఉన్నాయని గత యూనిట్‌లో చూశారు. ఆచరణలో లఘు పరీక్ష మిగతా మూడింటినీ మింగేస్తోంది. పదో తరగతిలో అంతర్గత మార్కులు పోయాక ప్రాజెక్టులు మరీ నామమాత్రమయ్యాయి. ఆ మార్కులు ఉదారంగా పడుతున్నాయన్న విమర్శలో నిజం లేకపోలేదు. అయితే వలస కుటుంబాల పిల్లలకు జరిగే నష్టం వేరే రకం. కర్నూలు పడమటి మండలాల నుంచి పత్తి, మిరప పనులకు వెళ్ళే కుటుంబాలు నెలల తరబడి ఊళ్ళో ఉండవు. సరిగ్గా రెండో అర్ధ సంవత్సరం పని సాగే కాలం అది. సీజనల్ హాస్టల్ ఉన్న చోట కొందరు ఆగుతారు, మిగతావాళ్ళు కుటుంబంతోనే వెళతారు. తిరిగి వచ్చాక వాళ్ళ ఎదుట ఉండేది ఖాళీ గడులతో మార్కుల రిజిస్టరు. ఒక ఉపాధ్యాయుడు వలసను ఆపలేడు. వెళ్ళేముందు ఆ పిల్లల రాత పేజీలను ఒక సంచిలో దాచి, తిరిగి వచ్చిన రోజు వాటిని ముందు పెట్టి, అక్కడి నుంచి మొదలుపెట్టగలడు. "అక్కడ నువ్వు చూసిన ఒక రోజు గురించి రాయి" అనేది ఆ రోజు ఇవ్వదగిన రాత పని. రాత అంశాల కింద దానికి మార్కులు వేయడానికి నిబంధనలేవీ అడ్డురావు.

అభ్యాసం

మీ తరగతిలో ఇటీవలి లఘు పరీక్ష ప్రశ్నపత్రాన్ని తీసుకోండి. పాఠాన్ని వినకుండానే, చదివి జవాబు రాయగల ప్రశ్నలు ఎన్ని ఉన్నాయో లెక్కించండి. మీ ఊరి చెరువు, సంత, పంట గురించి ఎనిమిది వాక్యాల పేరా మీరే రాసి, రెండు వాక్యాలను కలిపితేగాని జవాబు దొరకని ప్రశ్న ఒకటి తయారుచేయండి. ఆ ప్రశ్నకు తప్పు జవాబు రాసిన ముగ్గురు పిల్లలతో విడిగా మాట్లాడి, వారు ఏ వాక్యం దగ్గర దారి తప్పారో ఒక పేజీలో నమోదు చేసి, కాంటాక్ట్ తరగతులకు వచ్చేటప్పుడు వెంట తెచ్చుకోండి.