కంప్యూటర్ గంటలకూ ఓ పద్దు

అంబత్తూరు పారిశ్రామికవాడలో లేత్ షాపు నడిపేవారు అప్పు కోసం మా బ్యాంకుకు వస్తే నేను మొదట అడిగేది ఒకటే: "ఎంత కావాలి? ఆ లెక్క ఎలా వచ్చింది?" నిరుడు మా ఇంటికి వచ్చిన మేనకోడలిని కూడా అదే ప్రశ్న అడగవలసి వచ్చింది.

అమ్మాయి ఒక పరిశోధన బృందంలో పనిచేస్తోంది. గాలి ప్రవాహాల మీద వారు చేసే లెక్కలు మామూలు కంప్యూటర్‌కు లొంగవు. సూపర్ కంప్యూటర్ కావాలి. "మామయ్యా, మాకిచ్చిన గంటలన్నీ అయిపోయాయి. సదస్సుకు వ్యాసం పంపడానికి రెండు వారాలే ఉంది. అసలు లెక్క మిగిలిపోయింది" అంటూ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆ ఏడు ఆ వ్యాసం వెళ్ళనే లేదు. తప్పు యంత్రానిది కాదు, పద్దుది.

సూపర్ కంప్యూటర్ పదిమందీ పంచుకునే సొత్తు. 1980లలో అమెరికా నుంచి కోరిన యంత్రం దొరకక, 1988లో మన దేశం సీ-డాక్ సంస్థను నెలకొల్పింది. డాక్టర్ విజయ్ భట్కర్ గారి నాయకత్వంలో 1991లో పరమ్ 8000 తయారయింది. 2015లో రూ. 4,500 కోట్ల అంచనాతో జాతీయ సూపర్ కంప్యూటింగ్ మిషన్ మొదలయింది. దాని కింద ఐ.ఐ.టి. హైదరాబాదుకు వచ్చిన పరమ్ సేవ సామర్థ్యం 838 టెరాఫ్లాప్‌లు. అంటే గరిష్ఠంగా సెకనుకు 838 లక్షల కోట్ల లెక్కలు!

ఇక్కడ చెలామణి అయ్యే నాణెం 'కోర్-గంట'. ఒక కోర్ ఒక గంట పనిచేస్తే ఒక కోర్-గంట ఖర్చు. అమ్మాయీ నేనూ కాగితం ముందేసుకుని కూర్చున్నాం. ఒక లెక్కకు 4 నోడ్‌లు, నోడ్‌కు 48 కోర్‌లు, 10 గంటలు: 1,920 కోర్-గంటలు. అలాంటివి 50 చేయాలంటే 96,000. మధ్యలో ఆగిపోయేవాటికి, తిరిగి చేయవలసినవాటికి నాలుగోవంతు మార్జిన్ కలిపితే 1,20,000. వారు నిరుడు ఆ మార్జిన్ అడగనే లేదు!

దరఖాస్తుకు ముందు చిన్న పరీక్ష కూడా చేయాలి. ఒక నోడ్ మీద, రెండింటి మీద, నాలుగింటి మీద ఎంతసేపు పట్టిందో రాసుకోవాలి. వంటింట్లో ఎనిమిదిమంది చేరితే వంట ఎనిమిదింతలు త్వరగా అయిపోదు కదా! ఆ పట్టిక జతచేస్తే మంజూరు చేసేవారికి నమ్మకం కుదురుతుంది.

తర్వాత తేదీలు. అమెరికాలో 1988 నుంచి జరిగే సూపర్ కంప్యూటింగ్ సదస్సు నవంబరులో వస్తుంది. మన దేశపు హైపీసీ సదస్సు డిసెంబరులో. అది 1998లో మన మద్రాసులోనూ, 2001లో హైదరాబాదులోనూ జరిగింది. సభ ఏడాది చివర్లోనే అయినా వ్యాసం నెలల ముందే అందాలి. కనుక గడువు నుంచి వెనక్కి లెక్కపెట్టాలి: రాయడానికి నెల, బొమ్మలకూ పట్టికలకూ రెండు వారాలు, యంత్రం దగ్గర క్యూలో నిరీక్షణకు మరికొంత. గడువు దగ్గర పడితే అందరూ ఒకేసారి క్యూలో చేరతారు, మార్చి 31న మా కౌంటరు ముందులాగే. అలాగని గంటలు దాచుకోనూ కూడదు. వాడుకోని వాటిని చాలా కేంద్రాలు వెనక్కి తీసుకుంటాయి.

ఈ ఏడు అమ్మాయి ఒక నోటుపుస్తకం పెట్టి, వారం వారం ఖర్చు రాసింది. వ్యాసం గడువుకు రెండు రోజుల ముందే వెళ్ళింది. దాని మంచిచెడ్డలు నిపుణులు చూసుకుంటారు. పద్దు మాత్రం సరిపోయింది.

మన సభ్యుల ఇళ్ళలోనూ పరిశోధన చేసే పిల్లలున్నారు. వారి శాస్త్రం మనకు అర్థం కాకపోవచ్చు. "ఎంత కావాలి? ఎప్పటికి కావాలి?" అని అడగడం మాత్రం మనకు చేతనైన పనే!