యూనిఫారం విప్పని గిటారు

రక్షణ సైన్యము అనగానే మనకు బాపట్ల, స్టూవర్టుపురం గుర్తుకు వస్తాయి. ఆ సైన్యమే ఒకప్పుడు లండనులో పాప్ బృందమును నడిపినదంటే మనలో ఎందరు నమ్ముతారు?

బీటిల్స్ పాటలతో ఇంగ్లండు మారుమ్రోగుతున్న దినములవి. 1963లో జనరల్‌గా ఎన్నికైన ఫ్రెడరిక్ కౌట్స్, కాఫీ హోటళ్లలోని యౌవనస్థుల యొద్దకు గిటారుతోనైనా సువార్త వెళ్లవలెనని విలేఖరులతో అన్నారు. మరి ఆ గిటారువారేరీ అని టెలివిజన్ వారు అడిగారు! శిక్షణ కళాశాలలో కెప్టెన్ జాయ్ వెబ్ అను సోదరి కొందరు క్యాడెట్లను త్వరత్వరగా కూర్చారు. వారే జాయ్‌స్ట్రింగ్స్. 1964లో ఆమె వ్రాసిన ‘ఇట్స్ ఆన్ ఓపెన్ సీక్రెట్’ బ్రిటన్ రికార్డుల అమ్మకాల పట్టికలో 32వ స్థానమునకు చేరినది.

సైన్యములోని పెద్దలు కొందరు నొచ్చుకున్నారు. గిటారు లోకసంబంధమైనదను మాట మన పల్లె సంఘములలోనూ వింటాము. (డప్పును గూర్చి కూడ విన్నాము.) వాద్యమును గూర్చిన ఆ వాదము మాకంత ముఖ్యమనిపించదు. వారు నైట్‌క్లబ్బులో సహితము, మద్యపు బల్లల యెదుట, సైన్యపు యూనిఫారముతోనే నిలిచి క్రీస్తును పాడారు. అది తేలికైన పని కాదు.

1969లో బృందము విడిపోయినది. జాయ్ వెబ్ సైన్యములో అధికారిణిగానే కొనసాగి, పాటలు వ్రాస్తూ వచ్చారు. ఆ తరువాత సైన్యపు ఆరాధనలలో గిటారు ఎవరికీ వింత కాలేదు.