రేడియో ఎవరిది?

పొద్దు గూకింది. పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. గూట్లో రేడియో మాట్లాడుతోంది. ఒకప్పుడు చాలా ఇళ్లలో సాయంత్రం ఇలాగే ఉండేది. పైరుకి ఏ తెగులు పట్టింది, ఏ మందు కొట్టాలి, వాన ఎప్పుడు వస్తుంది, ఇవన్నీ రేడియో చెప్పేది. చదువు రానివాళ్లకి కూడా చెప్పేది. వినడానికి అక్షరాలు అక్కర్లేదు కదా!

ఇప్పుడు రేడియో సెల్‌ఫోన్‌లోకి, ఆటోలోకి వచ్చింది. చాలా చోట్ల పాటలే వస్తున్నాయి. మధ్య మధ్య సబ్బుల ప్రకటనలు, చీరల షాపుల ప్రకటనలు. మరి పైరు సంగతి ఎటు పోయింది? ఏం మాట్లాడాలో, ఏం మాట్లాడకూడదో చెప్పేది ఎవరు?

అది తెలియాలంటే ముందు మాట మన దాకా ఎలా వస్తుందో తెలియాలి.

రేడియో స్టేషన్‌లో మైకు ముందు కూర్చుని మాట్లాడతారు. ఆ మాట కరెంటుగా మారి టవర్ దగ్గరికి పోతుంది. టవర్ నుంచి తరంగాలుగా నాలుగు వైపులా పోతుంది. చెరువులో రాయి వేస్తే అలలు ఒడ్డు దాకా పోతాయి చూశారా? అలాంటివే ఈ తరంగాలు. కంటికి కనపడవు. మన ఇంట్లో రేడియో వాటిని పట్టుకుని మళ్లీ మాటగా మారుస్తుంది. ప్రతి స్టేషన్‌కీ ఒక నంబరు ఉంటుంది. ముల్లు ఆ నంబరు దగ్గర పెడితేనే ఆ స్టేషన్ వస్తుంది.

తరంగాలన్నీ ఒక్కలా పోవు. మీడియం వేవ్ నేలను అంటుకుని చాలా దూరం పోతుంది. రాత్రిపూట ఆకాశంలో పై పొరకి తగిలి మళ్లీ కిందికి వస్తుంది. అందుకే రాత్రి ముల్లు తిప్పితే ఎక్కడెక్కడి అరవ మాటలో, హిందీ పాటలో వినపడతాయి. గరగర కూడా ఎక్కువే. ఎఫ్.ఎం. అలా కాదు. గొంతు శుభ్రంగా వినపడుతుంది. కానీ అది దీపం వెలుగులాగా నేరుగా పోతుంది. కొండ అడ్డం వస్తే అవతలి ఊరికి అందదు. ఆ ఊరివాళ్లు రేడియో పాడైందని నెత్తిన రెండు దెబ్బలు వేస్తారు. పాపం, రేడియో బాగానే ఉంటుంది!

టవర్ ఎత్తు పెంచితే, బలం పెంచితే మాట ఇంకా దూరం పోతుంది. దానికి డబ్బు కావాలి. డబ్బు పెట్టేవాళ్లు టవర్‌ని ఎక్కడ పెడతారు?

మన దేశంలో చాలా ఏళ్లు రేడియో అంటే ఆకాశవాణి ఒక్కటే. అది ప్రభుత్వానిది. 2001లో బెంగుళూరులో మొదటి ప్రైవేటు ఎఫ్.ఎం. వచ్చింది. తర్వాత హైదరాబాదు, విశాఖపట్నం లాంటి మన పట్నాల్లో కూడా వచ్చాయి. కంపెనీ ప్రభుత్వానికి ఫీజు కట్టాలి. జీతాలివ్వాలి. లాభం కూడా చూసుకోవాలి. ఆ డబ్బు ప్రకటనల నుంచి వస్తుంది. కొనే శక్తి ఉన్నవాళ్లు ఎక్కడ ఎక్కువగా వింటారో అక్కడే ప్రకటనలు ఇస్తారు. అందుకని టవర్ పట్నంలో పెడతారు. ఎక్కువమంది వినేది సినిమా పాట. కాబట్టి సినిమా పాటే వేస్తారు. పాట వినడం తప్పు కాదు. పని చేసుకుంటూ పాట వింటే అలుపు తెలియదు. కానీ తండాలో నీళ్లు రాని సంగతి ఆ లెక్కలో ఎక్కడా రాదు.

లాభం తగ్గితే కంపెనీ స్టేషన్ తీరే మార్చేస్తుంది. నిన్నటి దాకా మాట్లాడిన గొంతు ఇవాళ ఉండదు. పాత పాటల బదులు కొత్త పాటలు వస్తాయి. వినేవాళ్లని ఒక్క మాట అడగరు.

ఇది బాగా ముదిరింది అమెరికాలో. అక్కడ మొదటి నుంచీ చాలా స్టేషన్లు ప్రైవేటువే. అయితే దేశం మొత్తం మీద ఒక కంపెనీకి 40 స్టేషన్లకి మించి ఉండకూడదని నియమం ఉండేది. 1996లో చట్టం మార్చి ఆ హద్దు తీసేశారు. కొన్నేళ్లలోనే క్లియర్ చానల్ అనే ఒక్క కంపెనీ చేతికి 1,200 దాకా స్టేషన్లు వచ్చాయి. ఖర్చు తగ్గించాలని చాలా ఊళ్లలో మనుషుల్ని తీసేశారు. ఎక్కడో దూరాన ఒకరు కూర్చుని ఆ ఊళ్లోనే ఉన్నట్టు మాట్లాడి రికార్డు చేస్తారు. రాత్రంతా కంప్యూటర్ దాన్ని వేస్తూ ఉంటుంది.

ఆ దేశంలో ఉత్తర డకోటా రాష్ట్రంలో మైనాట్ అనే పట్నం ఉంది. 2002 జనవరి 18. అర్ధరాత్రి దాటి ఒంటిగంటన్నర అయింది. గడ్డ కట్టే చలి. ఊరి పక్కన ఒక గూడ్సు రైలు పట్టాలు తప్పింది. దాని ట్యాంకుల్లో అమ్మోనియా ఉంది. ఎరువుగా వాడే సరుకే. ట్యాంకులు పగిలి విషగాలి ఊరి మీదికి కమ్ముకుంది. కళ్లు మంటలు. ఊపిరి ఆడదు. ఇంట్లో ఉండాలా? బయటికి పరుగెత్తాలా? కొన్ని వీధుల్లో కరెంటు కూడా పోయింది.

అలాంటప్పుడు రేడియోయే దిక్కు. ఆ ఊళ్లో ఆరు స్టేషన్లు ఆ ఒక్క కంపెనీవే. పోలీసులు స్టేషన్‌కి ఫోన్ చేశారు. ఎవరూ ఎత్తలేదని వాళ్లు చెప్పారు. తమ మనిషి డ్యూటీలోనే ఉన్నాడని, పోలీసులే హెచ్చరిక యంత్రాన్ని సరిగ్గా పెట్టుకోలేదని కంపెనీ చెప్పింది. సరే, ఒక మనిషి ఉన్నాడనే అనుకుందాం. ఆరు స్టేషన్లకి ఒక్క మనిషా? ఆ రాత్రి ఒకరు చనిపోయారు. 300 మందికి పైగా జబ్బు పడ్డారు.

తుఫాను కబురు కోసం రేడియో దగ్గర కూర్చునే మన బెస్తపల్లెల వాళ్లకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

అమెరికా సంగతి అలా ఉంటే మన దగ్గర ఒక మంచి ముచ్చట జరిగింది. 1995లో సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. రేడియో తరంగాలు ప్రజల ఆస్తి అని చెప్పింది. ఊరి చెరువు ఊరందరిదీ అయినట్టే అన్నమాట. ఆ తీర్పు ఇచ్చిన వాళ్లలో జస్టిస్ పి.బి. సావంత్ ఒకరు. మన జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి ఇంకొకరు.

అప్పటి మెదక్ జిల్లాలో, ఇప్పటి సంగారెడ్డి జిల్లాలో, జహీరాబాదు దగ్గర మాచనూరు అనే పల్లె ఉంది. ఆ చుట్టుపక్కల దళిత ఆడవాళ్లు సంఘాలు పెట్టుకున్నారు. డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ వాళ్లకి తోడుగా ఉంది. జొన్న, సజ్జ, కొర్ర విత్తనాలు వాళ్లే దాచుకుంటారు. తమ మాటలు చెప్పుకోవడానికి తమకే ఒక రేడియో కావాలని వాళ్లు అడిగారు. సంఘాల్లో చాలామందికి చదువు రాదు. అయినా 1998 ప్రాంతంలోనే స్టూడియో కట్టుకున్నారు. యంత్రాలు నేర్చుకున్నారు. కానీ ప్రభుత్వం అనుమతి ఇవ్వలేదు. తరంగాలు ప్రజలవేనని కోర్టు చెప్పాక కూడా ఇవ్వలేదు!

వాళ్లు ఊరికే కూర్చోలేదు. పాటలు, విత్తనాల ముచ్చట్లు, పిల్లల జబ్బులకి మందులు, అన్నీ క్యాసెట్లలోకి ఎక్కించారు. సంఘం మీటింగుల్లో పెట్టి విన్నారు. అలా పదేళ్లు గడిచాయి. 2006లో ప్రభుత్వం నియమం మార్చింది. 2008 అక్టోబరు 15న మాచనూరులో సంఘం రేడియో మొదలైంది. నంబరు 90.4. తెరిచింది ఎవరో తెలుసా? ఆ తీర్పు ఇచ్చిన జస్టిస్ సావంత్!

ఆ రేడియోని నడిపింది ఇద్దరు నర్సమ్మలు. ఒకరు జనరల్ నర్సమ్మ, ఇంకొకరు అల్గోల్ నర్సమ్మ. ప్రసారం రాత్రి 7 గంటలకి పెట్టారు. పొలం పని అయి, ఇంటికి వచ్చాక తీరిక దొరికేది అప్పుడే. పట్నం కంపెనీకి ఆ సంగతి ఎలా తెలుస్తుంది? అందులో మాట్లాడేది పుస్తకాల భాష కాదు, జహీరాబాదు పల్లెల భాష.

ఇలాంటి దాన్ని సముదాయ రేడియో అంటారు. దాని బలం చిన్నది. టవర్ నుంచి వెలువడే శక్తి మామూలుగా 100 వాట్లు దాటకూడదు. అంటే పాతకాలం పెద్ద బల్బు ఒక్కటి! అయినా చుట్టూ 10, 15 కిలోమీటర్ల పల్లెలకి అందుతుంది. కార్యక్రమాల్లో సగమైనా ఆ ప్రాంతం వాళ్లే తయారు చెయ్యాలి. సొంతంగా వార్తలు చదవకూడదు. ఆ పట్టు మాత్రం ప్రభుత్వం వదల్లేదు.

సముదాయ రేడియో లైసెన్సు లాభం కోసం నడిచే కంపెనీలకి ఇవ్వరు. రాజకీయ పార్టీలకి ఇవ్వరు. ఒక మనిషి పేరున కూడా ఇవ్వరు. రిజిస్టరు అయి, కనీసం మూడేళ్లు ఆ ప్రాంతంలో సేవ చేసిన సంస్థ అడగవచ్చు. చదువు చెప్పే సంస్థలు, వ్యవసాయ విజ్ఞాన కేంద్రాలు కూడా అడగవచ్చు. దరఖాస్తు ఢిల్లీలో సమాచార, ప్రసార శాఖకి పెట్టుకోవాలి.