బురదలో రాని చప్పుడు తారు రోడ్డెక్కితే ఎందుకొస్తుంది?

ట్రాక్టరుకు ఒంట్లో బాగోకపోతే నోరు తెరిచి చెప్పలేదు. చప్పుడు చేస్తుంది. అది ఆగకుండా వస్తే ఏ మెకానిక్కయినా చెవి పెట్టి పట్టేస్తాడు. అలా కాకుండా ఒకపూట వచ్చి, రెండు రోజులు మానేసి, తీరా షెడ్డుకు తీసుకెళ్తే కొత్తల్లుడిలా బుద్ధిగా ఉండే చప్పుడుతోనే తంటా అంతా.

ఫోర్ వీల్ డ్రైవ్ ట్రాక్టర్లు కొన్న డెల్టా రైతుల్లో కొందరు ఇలాంటి చప్పుడుతోనే తల పట్టుకుంటున్నారు. దమ్ము చేసేటప్పుడూ, దిగబడిన ధాన్యం ట్రక్కును పైకి లాగేటప్పుడూ ముందు చక్రాలు కూడా లాగడం ఎంత మేలో అనుభవించిన వారికి వేరే చెప్పనక్కర్లేదు. అదే లాగుడు తారు రోడ్డు మీద కూడా సాగితే మాత్రం బండికి చేటు. పశ్చిమ గోదావరి జిల్లా ఉండి మండలంలో ఒక రైతుకు సార్వా కోతల్లో ఎదురైన సంగతి చెబితే ఇది తేలిగ్గా అర్థమవుతుంది.

ఆయనది 50 హార్స్ పవర్ బండి. కొని మూడేళ్లయింది. వానలకు చేలు ఆరకపోవడంతో కోత మిషను దించిన ధాన్యాన్ని ట్రక్కులో వేసుకుని, ఫోర్ వీల్ వేసి పుంత మీదికి, అక్కడి నుంచి తారు రోడ్డు మీదికి లాగుతున్నారు. చేలో ఏ చప్పుడూ లేదు. పుంతలోనూ లేదు. తారు రోడ్డెక్కి కాలవ వంతెన దగ్గర మలుపు తిరిగేసరికి ముందు వైపు నుంచి ‘టంగ్’మని ఒక దెబ్బ. పది బారలు పోయాక మరొకటి. స్టీరింగు కూడా బరువెక్కినట్టుండేది. ఇంటికొచ్చి, ట్రక్కును వెనక్కి నడిపి కళ్లంలో పెట్టి, ధాన్యం దించాక మళ్లీ రోడ్డెక్కితే ఏమీ ఉండేది కాదు. మర్నాడు అసలు రాలేదు. ఆ మర్నాడు మళ్లీ వచ్చింది.

డ్రైవరు మీద అనుమానం

చిత్రమేమిటంటే, ఆ చప్పుడు ఆయన తోలినప్పుడే వచ్చేది. డ్రైవరు తోలితే వచ్చేది కాదు. ‘నాకెప్పుడూ రాలేదండి బాబుగారూ’ అంటాడు డ్రైవరు. ‘అంటే నాకు తోలడం రాదంటావేంట్రా?’ అంటారు ఈయన. తొమ్మిదేళ్లుగా నమ్మకంగా ఉన్న మనిషి మీద మెల్లగా అనుమానం మొదలైంది. ముందు ఇరుసును ఏ తూము గోడకో కొట్టించి దాచిపెడుతున్నాడని ఇంట్లో వాళ్లు అనుకున్నారు. సంక్రాంతికి లెక్క తేల్చేసి మరొకర్ని పెట్టుకుందామనే మాట కూడా వచ్చింది.

దగ్గర్లోని షెడ్డులో చూపిస్తే, చప్పుడు వినకుండానే ముందు ఇరుసు విప్పాలన్నారు. క్రౌన్ పినియన్ పోయి ఉంటుందన్నారు. 25 వేల రూపాయలు, నాలుగు రోజులు. డబ్బు సంగతి అలా ఉంచితే, పైన మబ్బు, చేలో ధాన్యం పెట్టుకుని నాలుగు రోజులు బండిని ఎవరు వదులుకుంటారు?

చివరికి ఆకివీడు వైపు నుంచి ఒక పెద్ద మేస్త్రిని పిలిపించారు. ఆయన మోపెడ్ మీద వచ్చి, పానాల సంచి విప్పకుండా గట్టు మీద కూర్చుని ప్రశ్నలు మొదలెట్టారు. ఎక్కడొస్తోంది? బరువుతోనా, ఖాళీగానా? తిన్నగా పోతుంటేనా, తిరిగేటప్పుడా? చప్పుడు వచ్చే ముందు మీరేం చేశారు? చివరి ప్రశ్నకు రైతు దగ్గర జవాబు లేదు. ‘సరే, ఇద్దరూ ఒకే దారిన, ఒకే బరువుతో, ఒకరి తర్వాత ఒకరు తోలండి. నేను చూస్తా’ అన్నారు మేస్త్రి.

ముందు డ్రైవరు తోలాడు. చేలోంచి పుంత ఎక్కాడు. మెత్తటి నేల మీదే ఆపి, బండిని మూరెడు వెనక్కి జరిపి, అప్పుడు ఫోర్ వీల్ లివరు తీసేశాడు. రోడ్డెక్కాడు, మలుపు తిరిగాడు. చప్పుడు లేదు.

తర్వాత రైతు తోలారు. ఆయనది తొందర మనిషి. పుంత దాటి తారు ఎక్కి, మలుపు తిరుగుతూ తిరుగుతూ, బండి నడుస్తుండగానే లివరు లాగారు. కాస్త గట్టిగా ఉన్నా వచ్చినట్టే వచ్చింది. ఇరవై గజాలు పోయారో లేదో, ‘టంగ్’.

మేస్త్రి అక్కడికక్కడే ఆపించారు. ఇంజను ఆర్పి, హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టించి, ముందు ఇరుసుకు పోయే షాఫ్టు మీది కవరు విప్పారు. షాఫ్టును చేత్తో కదిపితే కదల్లేదు. మెలేసిన తాడులా బిగిసి ఉంది. కవరు బిగించి, బండిని రెండు మూరలు వెనక్కి నడిపించి మళ్లీ చూస్తే అదే షాఫ్టు చేతిలో కాస్త అటూ ఇటూ ఆడింది. అంటే లివరు బయటికి వచ్చినా లోపల పళ్లు విడలేదు. వెనక్కి నడిపాకే విడిచాయి.

కళ్లంలో ట్రక్కు వెనక్కి పెట్టాక చప్పుడు మాయమైపోవడానికి కారణం కూడా ఇదే. షెడ్డుకు వెళ్లేసరికి దొంగ దొరక్కుండా పోతున్నాడు.

ఎందుకు బిగుస్తుంది?

బండి మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు పెద్ద చుట్టు తిరుగుతాయి, వెనక చక్రాలు చిన్న చుట్టు తిరుగుతాయి. ఫోర్ వీల్ వేసి ఉన్నప్పుడు మాత్రం ముందు ఇరుసునూ వెనక ఇరుసునూ పళ్ల చక్రాలు ఒకదానికొకటి కట్టిపడేస్తాయి. ఎవరి దారిన వారు తిరగడానికి వీల్లేదు. పైగా ముందు చక్రాలు నేలను బాగా పట్టి లాగాలని, వాటిని వెనక వాటికంటే కొంచెం వేగంగా తిరిగేట్టు తయారీలోనే పెడతారు. మామూలుగా ఇది 1 నుంచి 5 శాతం దాకా ఉంటుంది. బురదలో ఈ తేడా ఏ ఇబ్బందీ పెట్టదు. టైరు జారి సర్దుకుంటుంది. తారు మీద, సిమెంటు మీద టైరు జారదు. ఆ తేడా అంతా షాఫ్టులోనూ పళ్లలోనూ మెలికలా పేరుకుంటుంది. ఇక పట్టలేనప్పుడు టైరు ఒక్కసారి ఎగిరి జారుతుంది. ‘టంగ్’ మన్నది అదే. బండి మీద బరువు ఎంత ఎక్కువుంటే అంత గట్టిగా వినిపిస్తుంది.

మెలిక పడి ఉన్నప్పుడు లివరు లాగితే పళ్లు ఒకదాన్నొకటి నొక్కుకుని ఉంటాయి కాబట్టి విడవవు. ఈ బండిలో లివరు కింది రాడ్డుకు బురద పట్టి, కీళ్లు అరిగి లూజయ్యాయి. అందుకే లోపల పళ్లు కదలకపోయినా పైన లివరు వచ్చేసింది. చూసేవాడికి ఫోర్ వీల్ తీసేసినట్టే ఉంటుంది.

ఇక్కడ చాలామంది పొరపాటు పడేది మరొకటుంది. ఫోర్ వీల్ తీసేసినా బండి నడుస్తుంటే ఆ షాఫ్టు తిరుగుతూనే ఉంటుంది. ముందు చక్రాలే దాన్ని తిప్పుతాయి. కాబట్టి షాఫ్టు తిరుగుతోందా లేదా అని చూసి తేల్చుకోకూడదు. అనుమానం ఉంటే చదునైన గట్టి నేల మీద ఇంజను ఆపి, బండిని గేరులో ఉంచి, హ్యాండ్ బ్రేకు వేసి, వెనక చక్రాలకు అడ్డు పెట్టి, ముందు చక్రం ఒక్కటే జాకీతో లేపాలి. ఇరుసు కింద గట్టి దిమ్మ పెట్టాకే చక్రం మీద చెయ్యి వేయాలి. లివరు తీసి ఉండగా ఆ చక్రం చేత్తో తిప్పితే తిరగాలి. కొంచెం ఆడి ఆగిపోతే లోపల పళ్లు పట్టుకునే ఉన్నాయన్నమాట.

సుద్దముక్కతో లెక్క

మేస్త్రి అంతటితో వదల్లేదు. టైర్లు చూశారు. ముందు టైర్ల గుబ్బలు ఒక అంచున ఎక్కువగా అరిగి ఉన్నాయి. మూడేళ్లకే అంత అరుగుడు రోడ్డు మీద ఫోర్ వీల్ తోనే వచ్చిందన్నారు. ముందు టైర్లు మారుద్దామని రైతు అనుకుంటున్న మాట విని, వెనక టైర్లు పాతవి ఉంచి ముందు కొత్తవి వేస్తే తేడా ఇంకా పెరుగుతుంది, లెక్క చూసుకుని వేయమన్నారు.

లెక్క పెద్ద కష్టమేమీ కాదు. ముందూ వెనకా ఒక్కో టైరు మీద సుద్దతో గీత పెట్టాలి. ట్రక్కు విప్పేసి, ఫోర్ వీల్ తీసి, తిన్నటి గట్టి నేల మీద మెల్లగా నడుపుతూ వెనక చక్రం 10 చుట్లు తిరిగేసరికి ముందు చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టాలి. తర్వాత వదులు నేల మీద ఫోర్ వీల్ వేసి ఇలాగే మరోసారి లెక్కించాలి. ఉదాహరణకు మొదటిసారి 15 చుట్లు, రెండోసారి 15 చుట్లు మీద దాదాపు అరచుట్టు వచ్చిందనుకోండి. తేడా 3 శాతం. అది సరైనదే. ముందు కొత్త టైర్లు వేశాక మొదటి లెక్క పద్నాలుగున్నరకు దిగితే తేడా 6 శాతం దాటిపోతుంది. ముందు టైర్లు బాగా అరిగిపోతే తిరకాసు అటువైపు వస్తుంది. తేడా చచ్చిపోయి, ముందు చక్రాలు లాగడానికి బదులు వెనక్కి పట్టేస్తాయి. కాబట్టి దుకాణంలో ‘ఇదీ అదే సైజండీ’ అన్న మాట మీద ఆగకూడదు. బండి పుస్తకంలో ముందూ వెనకా ఏ టైరుకు ఏది జత అని రాసి ఉందో చూసుకోవాలి. ఆ పుస్తకం బండితో పాటు వచ్చిన కవరులోనే భద్రంగా ఉండిపోయే ఇళ్లు నాకు చాలా తెలుసు.

ప్రతి టంగూ ఇదే కాదు

తారు మీదే వచ్చే చప్పుడన్నంత మాత్రాన ఫోర్ వీల్ అని తేల్చేయకూడదు. డిఫరెన్షియల్ లాక్ పెడల్ పైకి రాకుండా ఇరుక్కున్నా దాదాపు ఇలాగే ఉంటుంది. అది మరీ ప్రమాదం. స్టీరింగు తిప్పినా బండి తిన్నగా పోవాలని చూస్తుంది. పక్కన కాలవ ఉన్న గట్టు రోడ్ల మీద అలా జరిగితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

దమ్ము చక్రాలు తీసి రబ్బరు టైర్లు బిగించాక ఒకటి రెండు రోజుల్లో చప్పుడు మొదలైతే, ముందు నట్లు చూడాలి. చక్రం చుట్టుకు ఒక్కసారి లెక్క తప్పకుండా ‘టక్’ మంటే అనుమానం చక్రం మీదే. నట్లు, బేరింగు, రిమ్ము ఈ వరసలో చూసుకోవాలి. టైర్లు మార్చాక గంట పని చేసి మళ్లీ ఒకసారి నట్లు బిగించే అలవాటుంటే సగం చప్పుళ్లు పుట్టనే పుట్టవు.

చుట్టుకు చాలాసార్లు, వేగాన్ని బట్టి పెరుగుతూ వస్తే షాఫ్టు క్రాసులకు గ్రీజు లేదేమో చూడాలి. క్లచ్చి తొక్కితే మారిపోయే చప్పుడు ఇరుసుది కాదు, క్లచ్చి వైపుది. బండి కదిలేటప్పుడూ బ్రేకు వేసినప్పుడూ మాత్రమే కొడితే ట్రక్కు కొక్కెం పిన్ను అరిగి ఉంటుంది. గుంటలో దిగినప్పుడే వస్తే ముందు ఇరుసు మధ్య పిన్ను, బుష్షులు చూడాలి. ఇవన్నీ చూడ్డానికి పెద్ద ఖర్చేమీ కాదు.

చప్పుడు వచ్చినప్పుడల్లా నాలుగు మాటలు రాసి పెట్టుకోవాలి. ఏ గేరు, ఎంత బరువు, ఏ నేల, ఆ ముందు ఏ లివరు కదిపారు. ఇప్పుడు సెల్‌ఫోన్ లేని ఇల్లు లేదు కాబట్టి, పక్కనున్న వారితో చప్పుడును రికార్డు చేయించి మెకానిక్‌కు వినిపించవచ్చు. అయితే నడుస్తున్న బండి పక్కనే ఫోను పట్టుకుని నడవడం, మడ్‌గార్డు మీద కూర్చుని వినడం, ఇంజను తిరుగుతుండగా కిందికి దూరడం చేయకూడదు. ఎంత చిన్న చప్పుడైనా సరే.

ఫోర్ వీల్ లివరు సంగతికొస్తే, మెత్తటి నేల దాటకముందే, బండి ఆపి తీసేయడం మంచిది. తారు మీద గుర్తొస్తే అక్కడే ఆపి, వెనక ఎవరూ లేకుండా చూసుకుని, కాస్త వెనక్కి జరిపి తీయాలి. బలవంతంగా లాగకూడదు. వెనక చక్రాలకే బ్రేకులుండే బళ్లలో నిటారు పల్లం దిగేటప్పుడు ఫోర్ వీల్ వేసుకోమని చెప్పే పుస్తకాలున్నాయి. అలాంటి చోట కంపెనీ చెప్పినట్టే చేయాలి. బండి నడక, చిన్న మరమ్మతులు పద్ధతిగా నేర్చుకోవాలనుకునే వారికి అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది. ఇంట్లో కుర్రాళ్లను పంపితే ఉపయోగం.

ఆ రోజు మేస్త్రి రాడ్డు కీళ్లను డీజిలుతో కడిగించి, అరిగిన పిన్ను మార్చి, గ్రీజు పట్టించారు. కూలితో కలిపి ఆరు వందలయింది. లివరు ఎక్కడ తీయాలో ఈ మూడేళ్లూ ఎందుకు చెప్పలేదని రైతు అడిగితే, ‘మీరు అడగలేదు కదండీ’ అన్నాడట డ్రైవరు. పండక్కి లెక్క తేల్చే మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. ముందు టైర్లు మాత్రం అరిగినవి అరిగినట్టే ఉన్నాయి. దాళ్వా దమ్ముకి ఎలాగో నెట్టుకొచ్చి, సార్వా నాటికి నాలుగూ ఒకేసారి మార్చాలని ఆయన డబ్బు కూడబెడుతున్నారు.