మీకు తెలుసా? రెండు పందేలూ పోయాయి
2022 నవంబరులో కాలిఫోర్నియా ఓటర్ల ముందుకొచ్చిన రెండు బెట్టింగ్ ప్రతిపాదనలకు అనుకూలంగా, వ్యతిరేకంగా పోగైన చందాలు 45 కోట్ల డాలర్లు దాటాయి. తీరా చూస్తే రెండూ ఓడిపోయాయి! ఆన్‌లైన్ పందేలకు అనుమతి కోరిన 27వ ప్రతిపాదన వెనుక డ్రాఫ్ట్‌కింగ్స్, ఫ్యాన్‌డ్యూయల్ లాంటి కంపెనీలున్నాయి. దాన్ని అడ్డుకోవడానికి సొంత కాసినోలున్న ఆదివాసీ తెగలూ ఖర్చుకు వెనకాడలేదు. చివరికి నూటికి 82 మంది వద్దన్నారు. తెగల కాసినోల్లో, గుర్రప్పందేల మైదానాల్లో క్రీడా బెట్టింగ్ కోరిన 26వ ప్రతిపాదనకూ మూడో వంతు ఓట్లే దక్కాయి.

ఇంత డబ్బు ఎలా పారిందంటారా? అభ్యర్థికిచ్చే విరాళానికి పరిమితి ఉంది, ప్రతిపాదనకు లేదు. అభ్యర్థిని లంచంతో లొంగదీయొచ్చు గానీ చట్టం ముసాయిదాను లొంగదీయలేరు కదా! అందుకే ప్రతిపాదనల ప్రచారానికిచ్చే విరాళాలపై కాలిఫోర్నియాలోని బర్క్‌లీ నగరం 250 డాలర్ల హద్దు పెడితే 1981లో అమెరికా సుప్రీంకోర్టు కొట్టేసింది.